ఎడమనుంచి కుడికి

మాది బొబ్బిలి అనగానే ఎవరైనా సరే మొట్టమొదట అడిగేది తాండ్ర పాపారాయుడి సంగతి. రెండోది వీణ సంగతి. ఆ రెండూ అయిపోయాక, మర్యాదకోసం, "ఇంతకూ తమరేం చేసేవారు?" అంటారు. "విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రాఫరుగా చేసి రిటైరయ్యాను" అంటాను. అప్పుడు వారు నా మొహంలోకి కాస్త జాలిగా చూసి, "అక్కడ ఫొటోగ్రాఫరుకు పనేముంటుందండీ! ఏడాదికొక గ్రూపు ఫొటో తీస్తే సరి గదా!" అంటారు.

పనేముంటుందో చెబుదామనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఆ పనిలో నేను చేసిన ఒక పొరపాటు సంగతి కూడా చెప్పుకోవలసి వుంది. అయితే బొబ్బిలివాణ్ణి గనక పాపారాయుడితో మొదలుపెట్టకపోతే మా వూరివాళ్లు ఊరుకోరు.

బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. ఫొటో తీసే విద్యను ప్యారిస్‌లో లోకానికి వెల్లడి చేసింది 1839లో. మధ్యన 82 ఏళ్ల ఎడం. అంచేత పాపారాయుడి ఫొటో అంటూ లేదు, వుండడానికి వీల్లేదు. కాని ఆయన ఎలా వుండేవాడో నాకు బాగా తెలుసు! 1964లో 'బొబ్బిలి యుద్ధం' సినిమా వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. అందులో పాపారాయుడి వేషం ఎస్.వి.రంగారావుది. ఆనాటినుంచీ నా మటుకు నాకు పాపారాయుడంటే రంగారావే. 1986లో 'తాండ్ర పాపారాయుడు' వచ్చింది. మా తమ్ముడి పిల్లలకు పాపారాయుడంటే కృష్ణంరాజు. ఈ విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ రాజీ కుదరలేదు. మనిషి మొహం మిగలకపోతే ఆ ఖాళీ జాగాలోకి ఇంకొకరి మొహం వచ్చి కూర్చుంటుంది. అందులో ఎవరి తప్పూ లేదు. ఖాళీ వుంటే నిండుతుంది, అంతే.

ఆకు, రాయి, చేప

నేను 1972లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరాను. అది 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు మెరకకు వచ్చిన సంస్థ. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి వైస్ ఛాన్సలరు. తర్వాత రాధాకృష్ణన్‌గారు. ఆయన హయాములోనే 1933లో రవీంద్రనాథ ఠాకూరుగారు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ఇవన్నీ నేను పుట్టకముందటి మాటలు. నేను చేరేనాటికి నాకు ఇచ్చినవి ఒక రెండు కళ్ల యాషికా, ఒక పెంటాక్సు, ఒక చీకటిగది, ఆ చీకటిగదికి పెద్దదిక్కుగా ఒక గురువుగారు.

రోజు ఎలా గడిచేదో చెబుతాను. పొద్దున్న పదింటికి వృక్షశాస్త్రంవారు ఒక ఆకు పంపేవారు. ఆకేగదా అనుకుంటాం. దాని ఈనెలన్నీ కనిపించాలంటే వెలుతురు వెనకనుంచి రావాలి, అంచున నూగు కనిపించాలంటే పక్కనుంచి రావాలి. రెండూ కావాలని వారు కోరితే ఆ పూట ఆకుతోనే సరి. ఆ తర్వాత భూగర్భశాస్త్రంవారి రాయి. రాయి పక్కన ఒక రూపాయి బిళ్లో, సుత్తో పెట్టి తీయాలి. లేకపోతే అది గులకరాయో, యారాడ కొండో చూసేవారికి తెలియదు. ఒకసారి మా కుర్రవాడొకడు రూపాయి బదులు లడ్డు పెట్టి తీశాడు. లడ్డు ఏ సైజుదని ఆచార్యులవారు అడిగారు. వాడు అప్పటికే తినేశాడు.

జంతుశాస్త్రంవారి చేప సీసాలో వుంటుంది. గాజు అన్నాక చేపతోపాటు నా మొహం, కెమెరా, వెనక కిటికీ, కిటికీలో సముద్రం కూడా పడతాయి. అందుకని ఒక నల్ల దుప్పటికి చిల్లు పెట్టి, కటకం మాత్రం బయటకు వచ్చేలాగ ముసుగేసుకొని తీసేవాణ్ణి. తాళపత్రాలకు ఇంకో చిట్కా వుంది. ఆకుమీద గంటంతో గీసిన అక్షరాలకు ఎదురుగా వెలుతురు పెడితే ఏమీ కనిపించదు. దీపాన్ని బాగా కిందికి దించి ఏటవాలుగా వేస్తే గీతల్లో నీడ నిలబడి అక్షరం లేచి వస్తుంది. రాతిమీద అరిగిపోయిన శాసనానికీ ఇదే వైద్యం. పొద్దున్న ఎండలో కనిపించని పంక్తి సాయంకాలం ఎండలో పలుకుతుంది.

ఇక పరిశోధక విద్యార్థులు. ఈనాటివలె మీట నొక్కితే బొమ్మలు అచ్చయ్యే రోజులు కావవి. గీతపటాలను నల్ల ఇంకుతో పెద్దవిగా గీసుకు వచ్చేవారు. వాటిని మేము ఫొటో తీసి, చిన్నవి చేసి, కాగితంమీద దించి ఇస్తే, సిద్ధాంతవ్యాసం ప్రతి ప్రతిలోనూ జిగురుతో అంటించుకునేవారు. గడువు రేపనగా ఇవాళ సాయంకాలం వచ్చేవారు. వచ్చినవారందరూ, "అన్నగారూ, ఈ ఒక్కసారికి" అనేవారు. అందరికీ అది ఒక్కసారే. నాకు మాత్రం రోజూ!

చీకటిగది

ఫిలింను పూర్తి చీకట్లో కడగాలి. కాగితానికయితే ఎర్రదీపం వుండవచ్చు. మందునీళ్లు ఇరవై డిగ్రీల సెల్సియస్ దగ్గర వుంటే మంచిది. వాల్తేరు మే నెలలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు అన్నం వార్చుకోవడానికి పనికివస్తాయి! నీళ్లు వేడెక్కితే ఫిలింమీది పూత మెత్తబడి, ఎండిన చెరువు అడుగులాగ పగుళ్లు పడుతుంది. అందుకని ఇసుకలో పెట్టిన కుండ నీళ్లు, అవి చాలకపోతే మంచుగడ్డ. తూర్పు జర్మనీనుంచి ఆర్వో ఫిలిం వచ్చేది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్‌వారి 'ఇందు' వుండేది. ఏది వాడినా సముద్రపు గాలి సంగతి మాత్రం మరచిపోకూడదు. తేమకు కటకాలమీద బూజు పడుతుంది. కెమెరాలను ఒక చెక్కపెట్టెలో పెట్టి, లోపల చిన్న బల్బు వెలిగించి వుంచేవాళ్లం. కోడిపిల్లలను పొదిగించినట్టే.

నా గోళ్లు ముప్ఫై ఏళ్లు గోధుమరంగులో వున్నాయి. హైపో వాసన చొక్కాలకు పట్టేది. మా ఆవిడ నా చొక్కాలను ఇంట్లో తక్కిన బట్టలతో కలిపి నానబెట్టేది కాదు.

గ్రూపు ఫొటో

గ్రూపు ఫొటో అంటే చులకనగా చూసేవారికి ఒక మనవి. తాజ్‌మహలును తీయడం తేలిక. తాజ్‌మహలు కనురెప్ప వేయదు, తన కుర్చీ చివరన వేశారని అలగదు. శాఖాధ్యక్షులు నడిమి కుర్చీ, ఆ పక్కన ఆచార్యులు, ఆ పక్కన రీడర్లు, ఆపైన లెక్చరర్లు, వెనక బల్లలమీద విద్యార్థులు. ఇద్దరు ఆచార్యులు ఒకే తేదీన నియామకం అయివుంటే కుడిపక్క ఎవరో, ఎడమపక్క ఎవరో తేల్చేసరికి ఎండ మారిపోయేది. "ఒకటి, రెండు, మూడు" అంటాను. రెండు దగ్గరే నొక్కుతాను. మూడుకి అందరూ ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుంటారు.

నొక్కడంతో సగం పనే అయినట్టు. తక్కిన సగం మా గురువుగారు నేర్పినది. ఎవ్వరినీ కదలనివ్వకుండా ఒక కాగితం ఎడమ చివరనుంచి పంపించేవారు. ఎవరి పేరు వారే, వరసలో రాయాలి. కాగితం కుడి చివరకు వచ్చేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదు. వైస్ ఛాన్సలరుగారైనా సరే. "జనం చెదరకముందే పేరు రాసుకో. చెదిరాక దేవుడుకూడా చెప్పలేడు" అనేవారాయన. ఆ కాగితం చూసే అట్టమీద, "కూర్చున్నవారు: ఎడమనుంచి కుడికి" అని మొదలుపెట్టి పేర్లు దించేవాళ్లం. ప్రతి ఫిలింకూ ఒక సంఖ్య. ప్రతి సంఖ్యకూ రిజిస్టరులో ఒక పంక్తి: తేదీ, ఊరు, జిల్లా, ఎవరు, ఏమిటి, ఎన్ని ఫ్రేములు. "కెమెరా సగం, సిరా సగం" అని ఆయన సిద్ధాంతం. ఆయన పోయాక ఆ రిజిస్టరు నా చేతికి వచ్చింది. నా కింద పనిచేసిన కుర్రవాళ్లకు నేనూ అదే పాఠం చెప్పాను. చెప్పడం సులువే గదా!

ఒక నల్లగౌను

స్నాతకోత్సవం మాకు పెళ్లివంటిది. వధువులూ వరులూ వందలమంది, ముహూర్తం మాత్రం అందరికీ ఒక్కటే. పట్టా చేతులు మారే క్షణం ఎంతసేపుంటుంది? తుమ్మినంతసేపు. ఆ క్షణంలో ఇచ్చేవారి మొహం, పుచ్చుకునేవారి మొహం, మధ్యన పట్టా, మూడూ పడాలి. ముప్ఫై ఆరు మంది అయ్యేసరికి ఫిలిం అయిపోతుంది. రెండో కెమెరా భుజాన సిద్ధంగా వుండాలి. కళాప్రపూర్ణ బిరుదు పుచ్చుకోవడానికి వచ్చే పెద్దలు నెమ్మదిగా నడుస్తారు. వారితో ఇబ్బంది లేదు. కుర్రవాళ్లు మాత్రం రైలు అందుకోవాలన్నట్టు వెళ్లిపోతారు.

సాయంకాలం అంతా అయిపోయి, అద్దె గౌన్లు తిరిగి ఇచ్చేశాక, ఎవరో ఒకరు తప్పకుండా వచ్చేవారు. పాలకొండ వైపునుంచో, సాలూరు వైపునుంచో బస్సులు మారి వచ్చిన తండ్రి. భుజాన తువ్వాలు, చేతిలో సంచి. "ఆలస్యమైపోయింది బాబూ, మావాడు గౌను ఇచ్చేశాడట" అనేవాడు. అందుకని మా గదిలో కొక్కేనికి ఎప్పుడూ ఒక నల్లగౌను వేలాడుతూ వుండేది. అది ఎవరిదో నాకు తెలియదు, కాని ఎంతమంది పట్టభద్రుల భుజాలమీదికి ఎక్కిందో లెక్క లేదు. కొడుకును నిలబెట్టి గౌను వేసి, తండ్రిని పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ణి. ఎంత చెప్పినా తండ్రి కూర్చునేవాడు కాదు, కొడుకు చదువుకున్నవాడని. అప్పుడు ఇద్దరినీ నిలబెట్టే తీసేవాణ్ణి. పేర్లూ రాసుకునేవాణ్ణి.

గొల్లపల్లి ప్రయాణం

ఇక నా పొరపాటు సంగతి. 1978లో వీణలమీద ఒక వ్యాసం రాస్తున్న పెద్దమనిషి ఒకాయన, బొమ్మలకోసం ఫొటోగ్రాఫరు కావాలని అడిగారు. బొబ్బిలి అనేసరికి నన్ను పంపించారు. విజయనగరందాకా ఒక రైలు, అక్కడినుంచి రాయపూరు లైనులో మా వూరు. బొబ్బిలికి ఆనుకునే గొల్లపల్లి. బొబ్బిలి వీణ అని లోకం మెచ్చుకునేది అక్కడి వడ్రంగుల చేతిపనినే. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో ఎదిగిన విద్య అది. ఈ శతాబ్దంలో దానికి భౌగోళిక గుర్తింపుకూడా వచ్చింది.

వీణ పనస మొద్దులోంచి పుడుతుంది. బాడిశతో చెక్కి, ఉలితో లోపలంతా తొలిచి కుండను పలచన చేస్తారు. మేలైన వీణకు కుండా, దండీ, మెడా ఒకే మొద్దులోంచి వస్తాయి. అతుకు వుండదు. మెడ చివర యాళి ముఖం. దండిమీద మైనం పోసి, అందులో 24 మెట్లు నిలబెడతారు. నాలుగు తీగలు వాయించడానికి, మూడు తాళానికి. మెట్లు నిలబెట్టడంలో చెవి పని ఎక్కువ. వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. మైనం వేడిగా వున్నంతసేపే సర్దుకోవాలి.

ఆ ఇంటి సావిట్లో ఇద్దరు ముసలివాళ్లు పనిచేస్తున్నారు. ఒకాయన కుండ తొలుస్తున్నాడు. ఒకాయన మైనం కాస్తున్నాడు. లోపల చీకటిగా వుంది. వెలుతురు ఎదురు కొట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. తెల్లగుడ్డ ఏదైనా పట్టుకుంటారా అని అడిగితే, పంచె ఒకటి తెచ్చి గుమ్మం దగ్గర పట్టుకున్నారు. అలా ఒక పూటంతా పట్టుకున్నారు. ఫ్రేములో తల అడ్డం వచ్చినప్పుడల్లా, "తాతా, కొంచెం వెనక్కి" అనేవాణ్ణి. వ్యాసానికి కావలసింది వీణ, పనిముట్లు, పని జరిగే తీరు. మొహాలు పడితే చూసేవారి దృష్టి అటు పోతుందని నా తెలివి. తాత ప్రతిసారీ నవ్వుతూ వెనక్కి జరిగాడు.

ముప్ఫై ఆరు ఫ్రేములు తీశాను. బాగా వచ్చాయి. రిజిస్టరులో నా దస్తూరీతో రాశాను: "వీణ తయారీ. గొల్లపల్లి, బొబ్బిలి. శ్రీకాకుళం జిల్లా. 36." ఎవరు అన్న గడిలో ఒక గీత గీశాను. విశ్వవిద్యాలయంలో ఎండలో నిలబెట్టి వైస్ ఛాన్సలరుగారిచేత పేరు రాయించుకునే మనిషిని, మా సొంత వూళ్లో, ఒక పూట నాకోసం పంచె పట్టుకున్నవాళ్ల పేరు అడగడం తోచలేదు.

మనవరాలు

2008లో రిటైరయ్యాను. అప్పటికే చీకటిగది మూతబడి, కంప్యూటర్లు వచ్చాయి. 2012లో కొడాక్ కంపెనీయే దివాలా అర్జీ పెట్టుకుంది. ఇక నా గోళ్ల సంగతి చెప్పేదేముంది! బొబ్బిలి వచ్చేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖమీద విరుచుకుపడినప్పుడు రాత్రంతా నాకు నిద్ర లేదు. ఇల్లు కాదు నేను తలుచుకున్నది, ఆ ఫిలిం పెట్టెలను. తడవలేదని తర్వాత తెలిసింది.

2022లో ఒకనాటి సాయంకాలం ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. డిగ్రీ పూర్తిచేసింది.

"మాస్టారూ, మాది గొల్లపల్లి. మా తాతగారు వీణలు చేసేవారు. మీరు వచ్చి ఫొటోలు తీశారని మా నాన్నగారు చెబుతుండేవారు. మా ఇంట్లో తాతగారి ఫొటో ఒక్కటీ లేదండి. నాన్నగారిక్కూడా చూపించలేకపోయాం. ఆయన రెండేళ్లకిందట పోయారు" అన్నది.

ఆ వీణ కుండలూ, ఆ గుమ్మం, ఆ తెల్లపంచె ఒక్కసారిగా కళ్లముందు నిలిచాయి. సంఖ్య గుర్తు లేదు. వాల్తేరుకు ఫోను చేశాను. అక్కడున్న కుర్రవాడు మర్యాదస్తుడు. రెండు రోజులు వెతికి, "విజయనగరం జిల్లా పేజీల్లో గొల్లపల్లి లేదండీ" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. "నాయనా, విజయనగరం జిల్లా 1979 జూన్‌లో పుట్టింది. అంతకుముందు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లా. అక్కడ చూడు" అన్నాను. పది నిమిషాల్లో దొరికింది. పాత ఫిలిం పాడైతే పెట్టె తీయగానే పులిసిన వాసన, వెనిగర్ వాసన కొడుతుంది. అది కొట్టలేదన్నాడు. రిజిస్టరు పుణ్యమా అని దొరికిందని ఉబ్బిపోయాను.

ముప్ఫై ఆరు బొమ్మలూ పంపాడు. అన్నిటిలోనూ వీణలే. ఒకదాంట్లో మోచేయి, ఒకదాంట్లో ఉలి పట్టుకున్న చేయి. మొహం ఒక్కటీ లేదు. అమ్మాయి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు కష్టమనిపించింది. అప్పుడు గుర్తుకు వచ్చింది. ఫిలిం ఎక్కించాక మొదట ఒకటి రెండు ఉత్తగా నొక్కి తోసేస్తాం. అందులో మొదటి ముక్క వెలుతురు తగిలి సగం కాలిపోతుంది. లెక్కలో రాయం, కాగితంమీద దించం. కుర్రవాడికి మళ్లీ ఫోను చేసి, ఒకటో నంబరుకు ముందు ఏమైనా వుందేమో చూడమన్నాను.

వుంది. ఎడమ సగం తెల్లగా కాలిపోయింది. కుడి సగంలో గుమ్మం, పంచె పట్టుకొని నవ్వుతున్న ముసలాయన.

నేనే దగ్గరుండి పెద్దది చేయించి, పటం కట్టించి, అట్టమీద నా దస్తూరీతో ఆ అమ్మాయి తాతగారి పేరు రాసి, వాళ్లింటికి తీసుకువెళ్లాను. వాళ్లమ్మ దండ వేసింది. అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నాకు కాఫీ ఇచ్చారు. ఉద్యోగంలో చేరిన యాభై ఏళ్లకు ఒక మంచిపని చేశాననుకుంటూ ఇంటికి వచ్చాను.

పోగులు

పది రోజులకు మళ్లీ కబురు వచ్చింది. అమ్మాయి మేనత్త సాలూరునుంచి వచ్చిందట, నన్ను రమ్మన్నదట. పొగడ్తలకే అనుకొని ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్లాను. మేనత్తకు డెబ్బై ఏళ్లకు పైమాటే. పటం ఎదురుగా నడుముమీద చేతులు పెట్టుకొని నిలబడి వుంది.

"ఏటి బాబూ ఇది? మా సిన్నాన్నకి దండేసి మా అయ్య పేరు రాసినారేటి?" అన్నది.

నాకు నోట మాట రాలేదు. "బాగా చూడమ్మా" అన్నాను.

"మా అయ్య మొకం నాకు తెల్దా? మా అయ్య సెవులకి పోగులుండీవి. ఈయనకి నేవు. ఇది మా సిన్నాన్న. మెట్లు పెట్టీవోడు."

ఆయన తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. అన్నగారి ఇంట్లోనే వుండి, మైనం కాచి, మెట్లు నిలబెట్టి, శ్రుతి చూసి పోయాడు. ఆయనకు పిల్లలు లేరు గనక ఆయన ఫొటో కావాలని అడిగేవారు ఎవ్వరూ లేరు. ఆ రోజు పంచె పట్టుకున్నది ఆయన. ఉలి పట్టుకున్నది అన్నగారు. నలభై నాలుగేళ్లలో నా బుర్రలో ఇద్దరు తాతలు ఒక తాతయిపోయారు. ఖాళీ గడి వుంది, నిండిపోయింది. కృష్ణంరాజును పాపారాయుడు చేసుకున్నందుకు పిల్లలను ఆటపట్టించే నేను, ఒక ఇంటి గోడమీద తాతనే మార్చేశాను. మేనత్త ఇంకో ఏడాది రాకపోయివుంటే, లేదా రానే రాకపోయివుంటే, ఆ అమ్మాయి పిల్లలు ఆ మొహానికే తాతగారని దండం పెట్టేవారు. నా దస్తూరీ చూసి నమ్మేవారు. పేరు లేని ఫొటోను జనం అనుమానిస్తారు. తప్పు పేరున్న ఫొటోను ఎవ్వరూ అనుమానించరు.

తల వంచుకొని సంచిలోంచి తక్కిన బొమ్మలు తీశాను. మేనత్త ఒక్కొక్కటే కంటికి దగ్గరగా పెట్టుకొని చూసింది. ఉలి పట్టుకున్న చేయి దగ్గర ఆగింది.

"ఇదిగో మా అయ్య. బొటనేలు సూడు. ఉలి దిగిపోనాది. గుడ్డ నానే కట్టినాను" అన్నది. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని ఆ వేలును చూసింది. ఇద్దరూ చాలాసేపు ఆ బొమ్మ పట్టుకొని కూర్చున్నారు. నేను వున్న సంగతి వాళ్లకు గుర్తు లేదు.

ఇప్పుడు ఆ గోడమీద రెండు పటాలున్నాయి. ఒకటి సగం కాలిన ఫొటో, దాని కింద చిన్నతాతగారి పేరు. రెండోది ఒక చేయి, ఒక ఉలి, సగం తొలిచిన కుండ, దాని కింద తాతగారి పేరు. రెంటికీ దండలున్నాయి. మొదటి దండను తీసేద్దామా అని వాళ్లమ్మ అడిగితే, మేనత్త, "ఉండనీ. ఆడికి ఎవులేసినారు ఇన్నాళ్లూ?" అన్నదట. ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు. అవి రాయవలసిన చోట వున్నాయి. వాల్తేరు కుర్రవాడికికూడా చెప్పాను. రిజిస్టరులో నేను గీత గీసిన గడిలో రెండు పేర్లూ రాశాడు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ ఆదివారం మీ ఇంట్లోని పాత ఫొటోలు కిందికి దించండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. వెనకవైపు మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. బాల్‌పెన్నుతో రాయకండి, నొక్కులు ముందువైపుకు తేలతాయి. సెల్‌ఫోనుల్లో వేలకు వేలు తీసుకునేవారికీ ఇదే మాట. ఏడాదికి ఒక పాతికైనా కాగితంమీద వేయించి, వాటి వెనకకూడా రాయండి. తెలియని మొహం వుంటే 'తెలియదు' అనే రాయండి, ఊహించి మాత్రం రాయకండి.

చెప్పేవాడు చెయ్యాలి గదా అని నిన్న రాత్రి మా పెళ్లి ఫొటో దించాను. వెనక నిలబడినవాళ్లలో ఎడమనుంచి నాలుగో ఆయన ఎవరో నాకు తెలియలేదు. మా ఆవిడ, "మీ వైపు మనిషే" అంటుంది. నేను వాళ్లవైపు అనుకుంటున్నాను. మా అక్కయ్య పార్వతీపురంలో వుంది. ఆవిడకు ఎనభై దాటాయి, కళ్లు ఇంకా బాగానే వున్నాయి. రేపు పొద్దున్న బండికి వెళుతున్నాను, ఫొటో, పెన్సిలూ పట్టుకొని.